బొమ్మలో కప్పేసిన చిల్లు

నా పేరు చెప్పను. ఊరు మాత్రం దాచను. ఇంకో ఊళ్ళో అయితే నా అబద్ధం ఒక్క రోజు కూడా నిలిచేది కాదు. గోదావరిఖని చౌరస్తాకు కాస్త అవతల, మందుల దుకాణం పక్కన నాకో చిన్న షాపు ఉంది. కంప్యూటర్‌లో ఇళ్ళు గీసి ఇస్తాను. నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక ఇంటి బొమ్మ ఏడేళ్ళు వేలాడింది. ఆ ఏడేళ్ళూ దాన్ని నేను తిన్నగా చూడలేదు. వచ్చినవాళ్ళు మాత్రం చూసేవాళ్ళు. ఇల్లంటే ఇట్లా ఉండాలి అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ మీద, ఆ బొమ్మ మీద, అందరికంటే ముందు నా మీద.

చెప్తే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఒట్టి మాట. చెప్పకపోతే ఏమీ పోదు. నేను తిన్నాను, పడుకున్నాను, పండగలకు చీరలు కొనుక్కున్నాను. ఆ బొమ్మ చూసి వచ్చినవాళ్ళతోనే నా షాపుకు పేరొచ్చింది. కడుపులో ఇంత పెట్టుకొని మనిషి శుభ్రంగా బతకగలదని తెలిశాకే నాకు నా మీద అసలైన కోపం వచ్చింది.

మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ళయితే సగంలోనే పోనీలే అంటారు. మీరు అనకండి.

ముందు ఓదెలు కాక గురించి చెప్పాలి. సొంత బాబాయి కాదు. మా నాన్నతో పాటు బొగ్గు బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. నాన్న పోయాక మా చుట్టాలంతా ఆడపిల్లకు డిప్లొమా ఏమిటని మా అమ్మ చెవి కొరుకుతుంటే, కాక వచ్చి మంచం మీద కూర్చొని, బిడ్డ చదువుతనంటే మీకేం నొస్తున్నదని అందరినీ కడిగేశాడు. నోరు పెద్దది. కోపం ముక్కు మీదే ఉండేది. కానీ మాట తప్పడు. ఒకసారి డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక చూసుకుంటే సంచిలో ఇంకెవరిదో టిఫిన్ డబ్బా ఉందట. అన్నం కూడా తినకుండా సైకిల్ ఎక్కి వెళ్ళి ఇచ్చి వచ్చాడు. అది వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓదెలు అన్నడంటే అన్నట్టే అనేది అక్కడ సామెత లాంటిది. ఆయనకు ఆ పేరు తప్ప ఆస్తి లేదు. నేను తీసుకున్నది దాన్నే.

కమాన్‌పూర్ వైపు, ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టి గుట్టలు కనపడేంత దగ్గరలో వాళ్ళ ఊరు. రిటైర్ అయ్యాక ఇల్లు కట్టుకుంటానన్నాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో తన చేతులతో కట్టుకున్న ఒక గది ఉంది, దాన్ని ముట్టుకోవద్దన్నాడు. దాని ముందు అడ్డంగా కొత్త ఇల్లు లేపాలి. పైన స్లాబు వద్దన్నాడు. భార్య రాజవ్వ, నేను చిన్నమ్మా అంటాను, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి స్లాబే కావాలని పోట్లాడింది. కాక వినలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బాయిలో నెత్తి మీద చదును కప్పే చూశాను, ఇంట్లో కూడా అదే చూడాలా, నాకు వాలు కప్పు కావాలి అన్నాడు. ఇనుప ఫ్రేము మీద పెంకుల డిజైన్ ఉన్న రేకులు. జ్యోతినగర్‌లో మంచి ఇంజనీరు ఉన్నాడు, అక్కడ గీయిద్దాం అని ఆయన మేనల్లుడు అన్నాడట. మన బిడ్డ ఉండంగ పరాయోళ్ళ గడప తొక్కుతానా అని కాక వాడి నోరు మూయించాడు. ఆ సంగతి నాకు వచ్చి చెప్పింది కూడా వాడే, మొహం మాడ్చుకొని. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

నేను వాడే సాఫ్ట్‌వేర్ సంగతి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. గోడలు గీసి, వాటి ఎత్తు ఎంతో చెప్పి ఒక బటన్ నొక్కితే కప్పు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. నాలుగు పలకల ఇల్లయితే చిటికెలో పని. కాక ఇల్లు అట్లా కాదు. ముందు కొత్త ఇల్లు, దాని వెనక ఒక పక్కకు పొడుచుకొచ్చిన పాత గది. నేనే టేపు పట్టుకొని వెళ్ళి కొలిచాను. పాత గది గోడ కొత్త గోడకంటే జానెడు తక్కువ. ఉన్నది ఉన్నట్టు అంకెలు ఎక్కించి బటన్ నొక్కాను. రెండు కప్పులు వచ్చాయి, కానీ కలవలేదు. రెండు వాలులు కలవాల్సిన మూల దగ్గర మూడు మూలల చిల్లు పడింది. అందులోంచి గది లోపలి నేల కనపడుతోంది.

చెరిపి మళ్ళీ వేశాను. మళ్ళీ చిల్లు. వాలు పెంచితే చిల్లు పెద్దదైంది, తగ్గిస్తే పక్కకు జరిగింది. వీడియోలు చూశాను. ఎక్కడివాళ్ళో, చెక్క ఇళ్ళు కట్టుకునే దేశాలవాళ్ళు, నవ్వుకుంటూ చెప్తారు. కప్పు కలవకపోతే ముందు గోడల ఎత్తులు చూసుకోండి అని ప్రతి ఒక్కడూ అదే మాట. చూశాను తల్లీ, చూశాను! నా ఎత్తులు సరిగ్గానే ఉన్నాయి, నేనే టేపు పెట్టి కొలిచాను అని స్క్రీన్ మీద అరిచేదాన్ని. ఇక్కడ కాస్త ఆగండి. అంత చదువుకొని, అంత సేపు ఆ చిల్లు ముందు కూర్చొని, నాకు ఒక్కసారి కూడా ఎందుకు తట్టలేదు? నా కొలత నిజమైతే ఆ చిల్లు కూడా నిజమే కదా. ఆ మెషీను తప్పు చేయలేదు. ఇల్లు అట్లా కడితే అక్కడ కప్పు కలవదని చెప్తోంది. నేను మాత్రం సాఫ్ట్‌వేర్ మొండికేసిందని దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

తట్టలేదన్నాను కదా. అది కూడా పూర్తి నిజం కాదు. ఒకసారి తట్టింది. పాత గది గోడ మీద రెండు వరుసల ఇటుక లేపితే సరిపోతుందేమో అనిపించింది. అంటే కాకకు చెప్పాలి. ముట్టుకోవద్దన్న గదిని ముట్టుకోవాలని చెప్పాలి. కాక నోరు చేసుకుంటాడు, మేనల్లుడు జ్యోతినగర్ ఇంజనీరును గుర్తుచేస్తాడు. ఇంతోటి దానికి ఈమె ఎందుకు అంటాడు. అప్పటికే మర్నాడు బొమ్మ చూడటానికి అందరూ వస్తున్నారని ఫోన్ వచ్చింది. నేను ఏం చేశానంటే, చదునుగా ఉండే ఒక పలక గీసి, దానికి పెంకుల రంగు వేసి, ఆ చిల్లు మీద మూతలాగా పెట్టేశాను. బొమ్మను కాస్త ఎడమ పక్కకు తిప్పాను. మూత ఉన్నట్టు కూడా తెలియలేదు. నాకు నవ్వొచ్చింది, నిజం చెప్తున్నాను. గెలిచాననిపించింది.

షేర్ ఆటో నిండా వచ్చారు. కాక, చిన్నమ్మ, మేనల్లుడు, ఇంకా ఇద్దరు ముగ్గురు చుట్టాలు. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపించాను, ఆ మూల మీదికి మాత్రం వెళ్ళకుండా. మేనల్లుడు కూడా నోరు తెరిచి చూశాడు. చిన్నమ్మ స్క్రీన్ దగ్గరికి వచ్చి, నేను బీడీలు ఏడ కూసోని చుట్టాలె అని అడిగింది. ఆమె రోజూ నలుగురు ఆడవాళ్ళతో కలిసి కింద కూర్చొని, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. వరండాలో ఆమెను కూర్చోబెడదామని వెతికితే ఆ సాఫ్ట్‌వేర్‌లో కింద కూర్చున్న మనిషి బొమ్మే లేదు. అందరూ నిలబడ్డవాళ్ళు, లేకపోతే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు. సరే అని ఒక ఆడమనిషిని కుర్చీలో పెట్టాను. చిన్నమ్మ పడీపడీ నవ్వింది. నేను కుర్చీల కూసునుడేంది, దొరసాని లెక్క అంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత సరిచేద్దాంలే అనుకున్న చిల్లు ఆ మెచ్చుకోళ్ళలో కొట్టుకుపోయింది.

వెల్డర్ నా బొమ్మనే ఫోన్లో పెట్టుకొని, అన్ని పక్కలకూ తిప్పి చూసుకుంటూ ఫ్రేము కట్టాడు. బొమ్మలో మూత చదునుగా ఉంది కాబట్టి అక్కడ చదునుగా ఒక రేకు వేశాడు. ఆయన్ను అనడానికి ఏమీ లేదు. చెప్పినట్టు చేశాడు. ఇల్లు ఎండాకాలంలో అయిపోయింది. గృహప్రవేశానికి నాకు చీర పెట్టారు. కింద నిలబడి చూస్తే కప్పు బ్రహ్మాండంగా ఉంది. పైన ఆ చదును రేకు మీద అప్పటికే బొగ్గు దుమ్ము పేరుకుంటోందని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా చూడలేదు.

మొదటి గట్టి వానకే కాక ఫోన్ చేశాడు. రెండు ఇళ్ళు కలిసే మూలలో గోడ వెంట నీళ్ళు దిగుతున్నాయి, నువ్వొచ్చి చూడు అన్నాడు. వాన వెలిశాక వెళ్ళాను. నిచ్చెన వేసి పైకెక్కాను. మూడు మూలల రేకు. దాని నిండా నల్లటి నీళ్ళు. రెండు వాలుల మీది వానంతా అక్కడికే వచ్చి, పోయే దారి లేక, దుమ్మూ ఆకులూ బురదై నిలిచిపోయి, అంచు కిందుగా లోపలికి దిగుతోంది. స్క్రీన్ మీద చూసిన చిల్లే అది. అదే ఆకారం, అదే మూల. కిందికి చూస్తే కాక నిచ్చెన పట్టుకొని నిలబడి ఉన్నాడు, నేను పడిపోతానేమోనని.

మా దగ్గర ఓపెన్‌కాస్టులో పేలుళ్ళు పెట్టే ముందు సైరన్ మోగుతుంది. తర్వాత నేల ఒకసారి అదురుతుంది, వంటింట్లో గిన్నెలు మోగుతాయి. పుట్టినప్పటి నుంచి వింటున్నాం, ఎవరూ ఉలిక్కిపడరు. నేను నిచ్చెన దిగుతుంటే అదే జరిగింది. కప్పు మీద రేకులు గలగలమన్నాయి. కాక తలెత్తి పైకి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఏమైంది బిడ్డా, ఏం కనవడ్డది?"

"రేకులు కదిలినయి కాక."

"బ్లాస్టింగేనా?"

"అవును కాక. బ్లాస్టింగే."

"నేను ముందుగాలనే అనుకున్న. నువ్వు గీసిన దాంట్ల తప్పెందుకుంటది?"

అంతే. అంత చిన్నది. ఆయన అడిగాడు, నేను ఔనన్నాను. అబద్ధాన్ని నేను వెతుక్కోలేదు, ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సిగ్గులేని మాట! ఆయన పెట్టింది నమ్మకం. అబద్ధం నాదే.

ఇంకో సంగతి మీకు తెలియాలి. బయటివాళ్ళకు ఇది అర్థం కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో దేన్నయినా బ్లాస్టింగ్ దెబ్బ అన్నారంటే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. నష్టపరిహారం లెక్కకట్టే కంపెనీ సర్వేవాళ్ళు వచ్చి, చూసి, ఫోటో తీసుకొని పోయేదాకా గోడకు సున్నం కూడా పూయరు. పూస్తే సాక్ష్యం పోతుందని భయం. గీత పడ్డ గోడను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటారు. నేను అక్కడే పుట్టి పెరిగాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చిన క్షణంలోనే ఆ రేకును ఇక ఎవరూ తీయరని నాకు తెలుసు. అది మంచిదే అనుకున్నాను కూడా. తీయకపోతే నా తప్పు బయటపడదు కదా.

వానాకాలమంతా ఆ మూల కారుతూనే ఉంది. చిన్నమ్మ కింద బేసిన్లు పెట్టింది, నిండితే పారబోసింది. కనీసం పైన టార్పాలిన్ అయినా కప్పండి కాకా అని ఫోన్లో బతిమాలాను. కప్పితే సర్వే సార్లకు ఏం కనపడుతుంది, ఉండనీ అన్నాడు. నేను చెప్పానుగా, వినకపోతే నేనేం చేయను అని ఫోన్ పెట్టేశాను. ఆ టార్పాలిన్ మాటను ఏడేళ్ళు తాయెత్తులాగా దాచుకున్నాను. నేను చెప్పాను, నేను చెప్పాను. ఏం చెప్పావే? చెప్పాల్సింది ఒక్కటే ఉంటే దాన్ని వదిలేసి మిగతావన్నీ చెప్పావు.

ఒక పొద్దున చిన్నమ్మ బేసిన్ తీయబోయి తడి నేల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానకు వెళ్ళేసరికి ఆమె పళ్ళు బిగించి, మంచం పట్టె పట్టుకొని ఉంది. నన్ను చూసి, పని చెడగొట్టుకొని వచ్చినవా బిడ్డా అంది. నేను బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడి నా చెంప మీద నేనే కొట్టుకున్నాను. ఎవరో చూశారు. చుట్టం బాధ అనుకొని ఉంటారు. లోపలికి వెళ్ళి చెప్పి ఉండొచ్చు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు, పండ్లు కొనుక్కొచ్చి ఇచ్చాను.

ఆపరేషన్ అయింది, నడక వచ్చింది, చేతిలో వాకర్ పట్టుకొని. కానీ కింద కూర్చోవద్దన్నారు. ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుంటుంది. తోటి ఆడవాళ్ళు కింద చాటలు పెట్టుకొని ముచ్చట్లాడుతుంటే ఈమె పైనుంచి చూస్తుంది. కుర్చీలో చాట ఒళ్ళో నిలవదు, చేతి పని ఆగిపోయింది. వాళ్ళు మెల్లగా ఇంకో ఇంటి వరండాకు మారారు. నేను నా బొమ్మలో ఆమెను ఎట్లా కూర్చోబెట్టానో అట్లాగే కూర్చుంది. ఇది రాస్తుంటే నాకు ఆ సాఫ్ట్‌వేర్‌ను కాల్చేయాలనిపిస్తోంది. దానిదేం పాపం? దొంగకు కోపమొస్తే దీపం మీద చూపిస్తుంది.

ఆ తర్వాత సర్వే సారు వచ్చాడు. కుర్రవాడు. నిచ్చెన ఎక్కి చూసి, దిగి, పెద్దాయనా ఇది పేలుళ్ళ వల్ల కాదు, కప్పు కలిపిన చోటే లోపం ఉంది అన్నాడు. మర్యాదగానే చెప్పాడట. కాక అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మా ఇంటిదాని కాలు పోయింది, నువ్వొచ్చి నా బిడ్డ గీసిన దానికి వంక పెడతావా అని చెప్పు తీసి చూపించాడు, ఊరంతా చూస్తుండగా. ఇల్లు గీసిన మనిషే చెప్తుంది అని నన్ను పిలిపించాడు. వెళ్ళాను. సారు అడిగాడు. నేను ఏమన్నానో తెలుసా? బొమ్మలో అంతా సరిగ్గానే ఉంది సార్ అన్నాను. చూడండి ఎంత తెలివో. అది అబద్ధం కూడా కాదు. బొమ్మలో అంతా సరిగ్గానే ఉంది. సారు నన్ను ఒక్క క్షణం చూశాడు, రాసుకొని వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు, నేను తడుముకోలేదు. అంత ఆరితేరాను.

ఊళ్ళో మాట మారడానికి ఎంతో సేపు పట్టలేదు. ఓదెలు కూడా పైసల కోసం నాటకమాడుతున్నాడు అన్నారు. భార్య జారి పడ్డదాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడన్నారు. టిఫిన్ డబ్బా కోసం సైకిల్ తొక్కిన మనిషిని! మేనల్లుడు రావడం తగ్గించాడు. ఓదెలు అన్నడంటే అన్నట్టే అన్న మాటను ఇప్పుడు వెక్కిరింపుగా వాడుతున్నారు. హోటల్ దగ్గర ఎవరైనా కోతలు కోస్తే, ఔనౌను, ఓదెలు అన్నట్టే అంటారు. ఆ నవ్వు నా చెవిన పడింది. వాళ్ళ గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకొని ఏం చెప్పాలి? తేలు కుట్టిన దొంగలాగా పక్కకు తిరిగి వచ్చేశాను.

చివరికి కాక ఆ కప్పంతా పీకించి స్లాబే వేయించాడు. ఇక ఆ వాలు కప్పు ఇల్లు ఎక్కడా లేదు, నా షాపు గోడ మీద తప్ప. నెలనెలా పింఛను కోసం టౌనుకు వచ్చినప్పుడు నా దగ్గరికి వచ్చి, ఆ బొమ్మ కింద బెంచీ మీద కూర్చొని, బస్సు వేళ దాకా ఉండేవాడు. వచ్చిన గిరాకీలకు వేలు పెట్టి చూపించేవాడు. గిట్లుండె మా ఇల్లు, మా బిడ్డ గీసింది, బ్లాస్టింగ్ ఖరాబు చేసింది అనేవాడు. నా కోసం గిరాకీ మాట్లాడేవాడు. ఆ కాసేపూ నేను కీబోర్డు మీద ఏదో ఒకటి కొడుతూ ఉండేదాన్ని. ఎందుకొస్తావు కాకా, ఎందుకింత నమ్ముతావు, నీకు బుద్ధి లేదా అని లోపల ఆయన్నే తిట్టుకునేదాన్ని. నమ్మినవాడి మీద కోపం రావడం ఎంత నీచమో మీరు చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు.

ఈ మధ్య సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకున్నాను. పాత ఇళ్ళు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూస్తూ కాక ఇంటిని కూడా తెరిచాను. తెరవగానే ఆ మూల ఎర్రగా వెలిగింది. కప్పు కలవడం లేదు, రెండు గోడల ఎత్తులో తేడా ఉంది, సరిచేయమంటారా అని అడిగింది. సరే నొక్కాను. పాత గది గోడ జానెడు లేచింది. రెండు వాలులు వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి. చిల్లు లేదు.

నేను మౌస్‌ను గోడకేసి కొట్టాను. రెండు వరుసల ఇటుక. ఒక మేస్త్రీకి ఒక పూట పని. దానికి బదులు ఒక మనిషి తుంటి, ఒక మనిషి పేరు. కాసేపు ఏడ్చాను, తర్వాత ఏడుపు మీద కూడా కోపమొచ్చి ఆపేశాను. సరిచేసినదాన్ని మళ్ళీ పాత ఎత్తుకు దించాను. నేను పెట్టిన మూతను తీసేశాను. బొమ్మను చిల్లు బాగా కనపడే పక్కకు తిప్పి, పెద్దగా ప్రింటు తీసి, పాతదాన్ని దించి అదే మేకుకు తగిలించాను. అది ధైర్యమేమీ కాదు. నోటితో చెప్పలేనిదాన్ని గోడకు అప్పగించాను.

పింఛను రోజు కాక వచ్చాడు. బెంచీ మీద కూర్చోబోతూ ఆగి, కళ్ళజోడు సర్దుకొని చూశాడు. ఇదెవరి ఇల్లు, ఈ చిల్లేమిటి అని అడిగాడు. మీదే కాకా అన్నాను. ఆయన నవ్వాడు, పరాచికం అనుకొని. అప్పుడు చెప్పాను. బటన్ నొక్కిన దగ్గర నుంచి, మూత పెట్టిన సంగతి, నిచ్చెన మీద చూసిన నల్లటి నీళ్ళు, బ్లాస్టింగ్ అన్న మాట, సర్వే సారు ముందు అన్న మాట. మధ్యలో ఒక గిరాకీ వస్తే తర్వాత రమ్మన్నాను. కాక అడ్డు రాలేదు. అయిపోయాక, గోడ ఎంత లేపితే సరిపోయేదని ఒక్కటే అడిగాడు. చెయ్యి చాపి జానెడు చూపించాను. ఆయన నా చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన తిడతాడని ఎదురుచూశాను. ఆ నోరంటే ఊరంతా భయపడుతుంది కదా. తిట్టాలి, చెప్పు తీయాలి, నేను ఆయన కాళ్ళ మీద పడాలి, అదంతా నేను లోపల చాలాసార్లు చూసుకొని ఉన్నాను. ఆయన అదేమీ చేయలేదు. చాలా మెల్లగా అన్నాడు.

"ఆ సర్వే సారు నిజం చెప్పిండు బిడ్డా. నేను ఆయనకు చెప్పు సూపిచ్చిన."

సంచి తీసుకొని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా ఇంకో మాట అన్నాడు.

"మీ చిన్నమ్మకు నేను చెప్ప. నువ్వే వచ్చి చెప్పుకో."

బస్సుకు ఇంకా చాలా టైముంది. అయినా వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల పింఛనుకు వచ్చి ఉంటాడు, నా షాపుకు రాలేదు. ఊళ్ళో ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదని తెలిసింది. సర్వే సారు ఎక్కడ పనిచేస్తున్నాడో మాత్రం అడిగి తెలుసుకొని వెళ్ళాడట. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నా పేరు చెప్పి ఉండడు. అది తలుచుకుంటే మళ్ళీ ఒళ్ళు మండుతుంది. చెప్పొచ్చు కదా! బజార్లో నిలబడి నా పేరు పెట్టి అరవొచ్చు కదా. ఆయన తన తప్పును తను మోసుకుంటూ వెళ్ళి దించుకున్నాడు, నాది నా దగ్గరే వదిలేశాడు.

చిల్లు బొమ్మ గోడ మీదే ఉంది. ఇదేంటని అడిగినవాళ్ళకు, నేను గీసిన ఇంట్లో తప్పు, దాచాను, ఒకామె తుంటి విరిగింది అని చెప్తున్నాను. కొందరు వెనక్కి వెళ్ళిపోతున్నారు. పోనీ. కొందరు మీరు నిజం చెప్తారు కాబట్టి మీ దగ్గరే గీయించుకుంటాం అంటున్నారు. వాళ్ళను చూస్తే ఇంకా కోపం. నిజం చెప్పడం కూడా నాకు గిరాకీ అయితే నేనెక్కడికి పోవాలి?

చిన్నమ్మ దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. రెండుసార్లు షేర్ ఆటో ఎక్కి కమాన్‌పూర్ దాకా వెళ్ళి, వాళ్ళ ఊరి దారి చూసి తిరిగొచ్చాను. కాకకు చెప్పేటప్పుడు గోడ మీద బొమ్మ ఉంది, కంప్యూటర్ ఉంది, ఆయన చూడాల్సినవి ఉన్నాయి. చిన్నమ్మకు ఇవేమీ పనికిరావు. ఆమెకు గోడల ఎత్తులు చెప్తే, గట్లనా బిడ్డా అంటుంది. ఆమెకు ఒక్కటే మాట చెప్పాలి, నువ్వు పడ్డది నా వల్లే అని, దానికి నాకు నోరు రావడం లేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను. మీతో పోనీలే అనిపించుకోవడానికి కాదు, మీ దగ్గర ఒకసారి అనేసి చూసుకోవడానికి. అన్నాను. మాట బయటికి వచ్చింది. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆమెను కూడా అడగను.

పొద్దున ఆటోకు వెళ్తాను. ఆమె వరండాలో కుర్చీలో ఉంటుంది. ఎప్పటిలాగే నన్ను చూసి, లోపలి నుంచి ఇంకో కుర్చీ తెచ్చుకోమంటుంది. నేను తెచ్చుకోను. కింద కూర్చొని చెప్తాను.